థర్మల్ కెమెరాతో రక్తప్రసరణను అంచనా వేయడం ఎలా

థర్మల్ కెమెరాను మొదటిసారి తన చేతికి గురిపెట్టుకున్నవారు ఎవరైనా కాసేపు అలాగే చూస్తూ ఉండిపోతారు. అరచేయి పసుపుగా మెరుస్తుంది, వేళ్ల కొసలు నీలంగా కనిపిస్తాయి, మణికట్టు దగ్గర ఒక సిర వెలుగుతున్న దారంలా పైకి పాకుతుంది. రక్తం పారుతుండగా కళ్లారా చూస్తున్నామనిపిస్తుంది. నిజానికి ఆ కెమెరాకు రక్తం కనిపించదు. చర్మం పైపొర వెదజల్లే వేడి ఒక్కటే దానికి తెలుసు. ఆ వేడిలో రక్తం తెచ్చినదెంత, గదిలోని గాలి తీసుకుపోయినదెంత, ఆరుతున్న చెమట తగ్గించినదెంత, ఐదు నిమిషాల క్రితం పట్టుకున్న చల్లని సీసా మిగిల్చినదెంత అన్నది వేరుచేయవలసినది మీరే.

ఫిజియోథెరపీ, నర్సింగ్, బయోమెడికల్ ఇంజినీరింగ్ చదువుతున్నవారిని, మధుమేహం వల్ల రోజూ పాదాలు చూసుకోవలసిన వారిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ గమనించే పద్ధతులే. జబ్బు ఉందా లేదా అని తేల్చడం వైద్యుల పని. ఒక కాలో చేయో ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పితో మొద్దుబారితే కెమెరా కోసం వెతకకండి. అది అత్యవసర పరిస్థితి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

వేడికీ రక్తానికీ ఉన్న సంబంధం

1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట పెట్టిన థర్మామీటరు కూడా వేడెక్కడం గమనించాడు. ఆ కనిపించని కిరణాలే పరారుణ కిరణాలు. మన చర్మం రాత్రింబవళ్లు వాటిని విడుదల చేస్తూనే ఉంటుంది. 33 డిగ్రీల దగ్గర ఉన్న చర్మం నుంచి అవి ఎక్కువగా వెలువడేది సుమారు 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం వద్ద (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందువల్ల 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య చూసే కెమెరా మనకు సరిపోతుంది. చేతిలో పట్టుకునేవి, ఫోనుకు తగిలించుకునేవి దాదాపు అన్నీ ఈ కోవకే చెందుతాయి. పరారుణ కిరణాలను వెదజల్లే విషయంలో మనిషి చర్మం చాలా మంచిది. ఎమిసివిటీ అనే కొలతలో దాని విలువ 0.98, పూర్తి విలువ 1. చర్మం తెలుపైనా నలుపైనా ఈ విలువ మారదు. కంటితో చూసి పాలిపోవడాన్నో ఎర్రబడడాన్నో పట్టుకోవడం ముదురు రంగు చర్మంపై కష్టం. థర్మల్ కెమెరాకు ఆ ఇబ్బంది లేదు. ఈ పరికరం మీద నాకున్న ఇష్టానికి ఇది పెద్ద కారణం.

ఇక రక్తం సంగతి. 1948లో హ్యారీ పెన్నెస్ అనే పరిశోధకుడు విశ్రాంతిగా ఉన్న మనుషుల ముంజేతుల్లో ఉష్ణోగ్రతలు కొలిచి, కణజాలానికి రక్తం అందించే వేడిని ఒక సమీకరణంగా రాశాడు. దాని సారాంశం మాటల్లో చెప్పవచ్చు. రక్తం అందించే వేడి రెండింటి మీద ఆధారపడుతుంది: ఎంత రక్తం వస్తోంది, వచ్చే రక్తానికీ అక్కడి కణజాలానికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంత. ఈ రెండో భాగాన్ని చాలామంది పట్టించుకోరు. వేలు చల్లగా ఉన్నప్పుడు ప్రవాహం కొంచెం పెరిగినా వేడి బాగా పెరుగుతుంది. వేలు ఇప్పటికే 35 డిగ్రీలకు చేరి ఉంటే తేడా దాదాపు మిగలదు కాబట్టి, ప్రవాహం రెట్టింపైనా చిత్రంలో పెద్ద మార్పు కనిపించదు. కాబట్టి ఉష్ణోగ్రత రెట్టింపు తేడా చూపితే ప్రవాహమూ రెట్టింపు తేడాలో ఉందని ఎప్పుడూ రాయకండి.

ఇంకో హద్దు కూడా ఉంది. నాడి కొట్టుకోవడం వల్ల పుట్టే వేడి అల సెకనుకు ఒకటి చొప్పున వస్తుంది. అంత వేగంగా వచ్చే అల చర్మంలో మిల్లీమీటరులో ఐదో వంతు దూరం ప్రయాణించేసరికే మూడో వంతుకు పడిపోతుంది. అదే 100 సెకన్లకు ఒకసారి లేచి పడే నెమ్మది అల దాదాపు 2 మిల్లీమీటర్ల దూరం వరకు అంతగా బలం కోల్పోదు. అంటే చర్మం వేగంగా వచ్చే మార్పులను మింగేసి, నెమ్మదిగా వచ్చేవాటిని పైకి పంపుతుంది. రక్తనాళాలు నిమిషాల వ్యవధిలో ముడుచుకోవడం, తెరుచుకోవడం కెమెరాకు బాగా అందుతాయి. గుండె ప్రతి కొట్టుకూ వచ్చే మార్పు అందదు. లోతున ఉన్న పెద్ద ధమనులు అసలే అందవు. పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్న మనిషి చర్మం చల్లగా కనిపిస్తే అక్కడ రక్తం తక్కువని కాదు, కొవ్వు దుప్పటిలా అడ్డుపడిందని అర్థం.

కెమెరాను ఎంచుకోవడం, పరీక్షించడం

రెండు అంకెలు చూడండి. మొదటిది సున్నితత్వం: ఎంత చిన్న తేడాను పట్టగలదు అన్నది. 0.05 డిగ్రీలు గాని అంతకన్నా మెరుగ్గా గాని ఉంటే మంచిది. రెండోది చిత్రంలోని పిక్సెళ్ల సంఖ్య. 24 డిగ్రీల వెడల్పు చూసే 320 పిక్సెళ్ల కెమెరా మీటరు దూరం నుంచి ఒక్కో పిక్సెల్‌కు సుమారు 1.3 మిల్లీమీటర్ల చర్మాన్ని చూస్తుంది. వేలికి ఇది సరిపోతుంది. ఫోనుకు తగిలించే చిన్న కెమెరా 50 డిగ్రీల వెడల్పును 80 పిక్సెళ్లలో చూస్తే, అర మీటరు దూరంలోనే ఒక్కో పిక్సెల్ 6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. వేలి మీద రెండు మూడు పిక్సెళ్లు పడతాయి, వాటిలోనూ అంచున ఉన్నవి వెనకాల గోడను కలుపుకుంటాయి. అలాంటి కెమెరాతో పాదాలు చూడండి, అరచేయి చూడండి, వేలికొసల జోలికి వెళ్లకండి.

ఈ రెండు అంకెలతో పాటు పొందుపరిచే పద్ధతి కూడా చూసుకోవాలి. ప్రతి పిక్సెల్‌కు ఉష్ణోగ్రతను భద్రపరిచే ఫైలు కావాలి. రంగుల బొమ్మను మాత్రమే దాచే కెమెరాతో తర్వాత ఏ లెక్కా వేయలేరు.

చాలా కెమెరాల వివరపత్రంలో కచ్చితత్వం ప్లస్ లేదా మైనస్ 2 డిగ్రీలు అని ఉంటుంది. సున్నితత్వం 0.05 అయినప్పుడు ఇదేమిటని కంగారుపడకండి. తక్కెడ ముల్లు మొత్తంగా పక్కకు జరిగి ఉన్నా, రెండు వస్తువుల్లో ఏది బరువో సరిగ్గానే చెబుతుంది. ఇదీ అలాంటిదే. ఒకే చిత్రంలో ఉన్న రెండు చోట్ల మధ్య తేడాను నమ్మవచ్చు. నిన్నటి చిత్రంలో 31.4, ఇవాళ 32.1 అని పోల్చాలంటే మాత్రం ఆధారం ఒకటి కావాలి. దానికి నేను వాడే ఉపాయం ఇది: ఒక లోహపు డబ్బాకు బయట నల్లని ఇన్సులేషన్ టేపు అతికించి, 32 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లు పోసి, మంచి థర్మామీటరు వేసి, కలుపుతూ ఉండండి. ఆ డబ్బాను చేతి పక్కనే, అదే చిత్రంలో వచ్చేలా పెట్టండి. టేపు మీద కెమెరా చూపే అంకెకూ థర్మామీటరు అంకెకూ తేడా ఎంతో రాసుకుంటే, రోజుకో రకంగా జారే కెమెరాను అదుపులో పెట్టవచ్చు. టేపు ఎమిసివిటీ సుమారు 0.95, చర్మం కన్నా కాస్త తక్కువ. కానీ ప్రతిసారీ అదే టేపును చూస్తున్నారు కాబట్టి పోలికకు అడ్డు రాదు. నీటి ఉపరితలాన్ని నేరుగా కొలవకండి. ఆవిరవుతూ పైపొర లోపలి నీటికన్నా చల్లబడుతుంది.

కెమెరాను ఆన్ చేశాక కనీసం 15 నిమిషాలు వదిలేయండి, లోపలి భాగాలు కుదురుకోవాలి. మధ్య మధ్య టిక్కుమని శబ్దం వస్తుంది. కెమెరా తన తలుపు మూసుకుని తనను తాను సరిదిద్దుకుంటోందన్న మాట. ముఖ్యమైన చిత్రం తీసే ముందు ఆ పని మీరే చేయించండి. ఎమిసివిటీని 0.98కి పెట్టండి. పొరపాటున 0.95 దగ్గర వదిలేస్తే, 23 డిగ్రీల గదిలో 33 డిగ్రీల చర్మానికి దాదాపు 0.3 డిగ్రీల తప్పు వస్తుంది.

గదినీ మనిషినీ సిద్ధం చేయడం

చిత్రం తీయడం ఒక్క నిమిషం పని. దాని ముందు జరిగేది గంట పని. ఈ భాగంలో తొందరపడినవారి ఫలితాలను నేను పట్టించుకోను.

గది ఉష్ణోగ్రత 22, 24 డిగ్రీల మధ్య ఒకేచోట నిలబడాలి. పరీక్ష మధ్యలో ఒక డిగ్రీ కన్నా ఎక్కువ మారితే ఆ రోజు లెక్క వదిలేయండి. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా మనిషికి తగలకూడదు. ఎండ పడే కిటికీకి దూరంగా ఉండండి. వెనకాల వేడెక్కిన కంప్యూటరు, హీటరు, ఇంకో మనిషి లేకుండా చూడండి. మందపాటి గుడ్డో అట్టముక్కో వెనకాల నిలబెడితే చాలు. గాజు పలక వెనక నుంచి తీయాలని చూడకండి, ఈ తరంగాలు గాజును దాటవు.

రెండు గంటల ముందు నుంచి కాఫీ, టీ, పొగాకు, కడుపునిండా భోజనం, వ్యాయామం, వేడినీళ్ల స్నానం వద్దని చెప్పండి. పొగతాగితే వేళ్లలోని నాళాలు ముడుచుకుంటాయి, చాలాసేపు వరకు తేరుకోవు. ఆ రోజు క్రీములు, నూనెలు, నొప్పి తగ్గించే లేపనాలు చర్మానికి రాయకూడదు. వచ్చిన వెంటనే ఉంగరాలు, గడియారం, బిగుతైన మేజోళ్లు, పైకి మడిచిన చొక్కా చేతుల మడతలు తీయించండి. చూడబోయే భాగాన్ని బయట పెట్టి, ఎవరూ తాకకుండా, ఒకదానిపై ఒకటి ఆనకుండా 15 నుంచి 20 నిమిషాలు కూర్చోబెట్టండి. చేతులు గుండె ఎత్తులో, మెత్తని వల వంటి ఆధారం మీద ఉండాలి. బల్ల మీద ఆనిస్తే ఆనిన చోటు వేడిని దాచుకుంటుంది. పాదాలు నేల మీద పెట్టనివ్వకండి. కాళ్లు చాపి, అట్టముక్కకు చేసిన రంధ్రాల గుండా పాదాలు మాత్రమే బయటికి వచ్చేలా కూర్చోబెడితే, ఒంటి వేడి చిత్రంలో కలవదు.

నేను పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒకతని రెండు చేతులూ తీశాను. ఎడమచేయి కుడిచేతికన్నా మూడు డిగ్రీలు చల్లగా ఉంది. నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను. కాసేపు మాట్లాడాక తెలిసింది, వచ్చేటప్పుడు హెల్మెట్‌ను ఎడమ మోచేతికి తగిలించుకుని, అదే చేత్తో చల్లని నీళ్ల సీసా పట్టుకుని మెట్లెక్కి వచ్చాడట. ఇరవై నిమిషాల తర్వాత రెండు చేతులూ సమానమయ్యాయి. అప్పటి నుంచి వచ్చినవారిని కూర్చోబెట్టి మొదట అడిగేది ఇదే: గంటలో ఈ చేతులతో ఏమేం చేశారు?

కంగారు కూడా చేతులను చల్లబరుస్తుంది. వేలికొసల్లో, అరచేతుల్లో, అరికాళ్లలో, ముక్కు, చెవుల దగ్గర ధమనుల నుంచి నేరుగా సిరల్లోకి రక్తాన్ని మళ్లించే అడ్డదారి నాళాలు ఎక్కువ. వీటి తలుపులు మన ప్రమేయం లేకుండా పనిచేసే సహానుభూత నాడుల చేతిలో ఉంటాయి. భయం, ఉద్వేగం, చలి ఏది వచ్చినా అవి మూసుకుంటాయి, నిమిషాల్లో వేలు నాలుగైదు డిగ్రీలు దిగిపోవచ్చు. కాబట్టి ఏం చేయబోతున్నారో మనిషికి ముందే నిదానంగా చెప్పండి. చిత్రాలు ఎవరు చూస్తారో, ఎక్కడ దాస్తారో చెప్పి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అది మర్యాద మాత్రమే కాదు, మనిషి కుదుటపడితే కొలత కూడా కుదుటపడుతుంది.

మొదటి చిత్రం

కెమెరాను మూడు కాళ్ల స్టాండుపై బిగించండి, చేత్తో పట్టుకోకండి. చర్మానికి ఎదురుగా, నిటారుగా చూడాలి. పక్క నుంచి, 45 డిగ్రీలు దాటిన వాలులో చూస్తే చర్మం ఉన్నదానికన్నా చల్లగా కనబడడం మొదలవుతుంది. గుండ్రటి ముంజేతి అంచులు, వేళ్ల పక్కలు ఎప్పుడూ చల్లగా కనిపించడానికి ఇదే కారణం. నేల మీద టేపుతో కెమెరా చోటు, కుర్చీ చోటు గుర్తు పెట్టుకోండి. కుడి ఎడమలు రెండూ ఒకే చిత్రంలో పడేలా చూడండి.

రంగుల విషయంలో ఒక్క జాగ్రత్త పాటిస్తే సగం అపార్థాలు తప్పుతాయి. కెమెరా మామూలుగా ప్రతి చిత్రానికీ అందులోని అతి చల్లని చోటును నీలంగా, అతి వేడి చోటును ఎర్రగా తనంతట తానే సర్దుకుంటుంది. ఆ సర్దుబాటులో అర డిగ్రీ తేడా కూడా మంటలా కనిపిస్తుంది. దాన్ని ఆపి, కొలబద్దను 22 నుంచి 36 డిగ్రీలకు స్థిరంగా పెట్టండి, అన్ని చిత్రాలకూ అదే ఉంచండి. ఇంద్రధనుస్సు రంగులకు బదులు నలుపు తెలుపు వాడితే ఇంకా మేలు. కన్ను మోసపోయే అవకాశం తక్కువ.

కదిలించి చూడండి

నిశ్చలంగా ఉన్న ఒక్క చిత్రం నుంచి రక్తప్రసరణ గురించి చెప్పగలిగేది తక్కువ. చల్లటి వేలు అంటే నాళం మూసుకుపోయి ఉండవచ్చు, తెరుచుకోగల నాళం చలికి ముడుచుకుని ఉండవచ్చు. ఈ రెండింటికీ చిత్రం ఒకటే. చర్మానికి చిన్న పరీక్ష పెట్టి, అది ఎలా తేరుకుంటుందో చూసినప్పుడే తేడా బయటపడుతుంది. నా దృష్టిలో ఈ సాంకేతికత అసలు విలువ ఇక్కడే ఉంది.

సులువైనది చల్లని నీటి పరీక్ష. చేతులకు పలచని ప్లాస్టిక్ తొడుగులు వేయండి. తడిసిన చర్మం ఆవిరి వల్ల చల్లబడుతూనే ఉంటుంది కాబట్టి తొడుగు తప్పనిసరి. ముందు ఒక చిత్రం తీయండి. తర్వాత మణికట్టు వరకు 20 డిగ్రీల నీటిలో ఒక్క నిమిషం ముంచండి. తీసి, తొడుగులు లాగేసి, చేతులను పాత చోటనే పెట్టి, 30 సెకన్లకు ఒక చిత్రం చొప్పున 15 నిమిషాలు తీయండి. గుండెజబ్బు ఉన్నవారికి, చలికి వేళ్లు తెల్లబడి నొప్పిపుట్టేవారికి, వేళ్లపై పుండ్లు ఉన్నవారికి వైద్యుల పర్యవేక్షణ లేకుండా ఇది చేయకండి.

తేరుకునే తీరును ఓపికగా చూడండి. ఆరోగ్యంగా ఉన్న చాలామందిలో మొదట కొన్ని నిమిషాలు ఏమీ జరగదు. తర్వాత ఉన్నట్టుండి వేలికొసలు వెలుగుతాయి. అడ్డదారి నాళాలు ఒక్కసారిగా తెరుచుకోవడం వల్ల కొసలే వేలి మొదలుకన్నా వెచ్చబడతాయి. చలికి వేళ్ల నాళాలు అతిగా ముడుచుకుని వేళ్లు తెల్లబడే రేనాడ్స్ సమస్య ఉన్నవారిలో వేడి చేతి వెనక భాగం నుంచి వేళ్ల వైపు మెల్లగా జరుగుతుంది, పావుగంట గడిచినా కొసలు చల్లగానే ఉండిపోవచ్చు. ఇక్కడ ఒక సూక్ష్మం గుర్తుంచుకోండి: 20 డిగ్రీల నీటి నుంచి తీసిన వేలు, రక్తం చుక్క కూడా రాకపోయినా, 23 డిగ్రీల గదిలో 23 వైపు తనంతట తానే ఎక్కుతుంది. అది గది పని. వేలు గది ఉష్ణోగ్రతను దాటి ఎంత పైకి వెళ్లిందన్నదే రక్తం పని. అందుకే గ్రాఫ్ గీసేటప్పుడు గది ఉష్ణోగ్రతను అడ్డగీతగా గీసుకోండి.

రెండోది పట్టీ పరీక్ష. దీన్ని శిక్షణ ఉన్నవారి సమక్షంలో మాత్రమే చేయాలి. రక్తపోటు చూసే పట్టీని ఒక పైచేతికి కట్టి, సిస్టాలిక్ రక్తపోటు (రక్తపోటులో పై అంకె) కన్నా 50 మిల్లీమీటర్ల పాదరసం మేర ఎక్కువగా గాలి నింపి, ఆ చేతికి రక్తం రాకుండా ఆపుతారు. పరిశోధనల్లో సాధారణంగా 5 నిమిషాలు ఆపుతారు, నేర్చుకునేవారికి 2 నిమిషాలు చాలు. వేలికొస ఉష్ణోగ్రత నిలకడగా దిగుతుంది. పట్టీ వదలగానే ఆకలితో ఉన్న కణజాలం నాళాలను బార్లా తెరుస్తుంది, వేలు మళ్లీ వేడెక్కి, మొదటి స్థాయిని దాటిపోవచ్చు. ఎంత ఎత్తుకు లేచింది, ఎంతసేపట్లో లేచింది అన్న రెండు అంకెలు నాళాల లోపలి పొర స్పందనను తెలియజేస్తాయి. రెండో చేయి మొదటి నుంచి చివరి దాకా అదే చిత్రంలో ఉండాలి. కంగారు వల్లో గది వల్లో వచ్చే మార్పు రెండు చేతుల్లోనూ కనిపిస్తుంది, పట్టీ వల్ల వచ్చినది ఒక్క చేతిలోనే కనిపిస్తుంది. వేలు మొదటి నుంచే గదికన్నా కనీసం నాలుగైదు డిగ్రీలు వెచ్చగా లేకపోతే ఈ పరీక్ష మొదలుపెట్టకండి, దిగడానికి చోటుండదు. డయాలిసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపిన ఫిస్టులా ఉన్నవారు, రొమ్ము శస్త్రచికిత్సలో చంక గ్రంథులు తీసేసినవారు, రక్తం గడ్డకట్టిన చరిత్ర గాని సికిల్ సెల్ వ్యాధి గాని ఉన్నవారు దీనికి దూరంగా ఉండాలి.

మూడో పద్ధతిని ప్లాస్టిక్ సర్జన్లు వాడతారు. పొట్ట చర్మాన్ని తీసి రొమ్మును తిరిగి నిర్మించే శస్త్రచికిత్సకు ముందు, కండరాన్ని చీల్చుకుని చర్మంలోకి వచ్చే చిన్న ధమనులు ఎక్కడున్నాయో తెలియాలి. ఫ్యానుతో పొట్టను కాసేపు చల్లబరిచి ఆపేస్తారు. చల్లని నేపథ్యంలో మొట్టమొదట పుట్టుకొచ్చే వేడి చుక్కలు ఆ ధమనులు చర్మాన్ని చేరే చోట్లు. చుక్క త్వరగా, బలంగా వస్తే ధమని మంచిదని అంచనా వేసి, ధ్వని తరంగాలతో రక్తప్రవాహాన్ని పసిగట్టే డాప్లర్‌తో సరిచూసుకుంటారు. చీకట్లో ఒక్కొక్కటే దీపాలు వెలిగినట్టు ఆ చుక్కలు తేలడం చూస్తే, చల్లబరచడం ఎందుకో ఇక ఎవరూ వివరించనక్కరలేదు.

అంకెలు తీయడం

ప్రతి చిత్రంలో ఒకే చోట, ఒకే పరిమాణంలో చిన్న గుండ్రని గుర్తు పెట్టి, అందులోని సగటు తీసుకోండి. అత్యధిక ఉష్ణోగ్రతను తీసుకుంటే ఒక్క చెడిపోయిన పిక్సెల్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. గుర్తు అంచుకు తగలకూడదు, గోరు మీద పడకూడదు, చర్మం మీదే ఉండాలి. గుర్తు వెడల్పు కనీసం మూడు పిక్సెళ్లు ఉండాలి.

తర్వాత గదిని లెక్కలోకి తెచ్చే ఒక సూచికను వేయండి. చర్మానికీ గదికీ ఉన్న తేడాను, శరీరం లోపలి ఉష్ణోగ్రతకూ చర్మానికీ ఉన్న తేడాతో భాగించాలి. లోపలి ఉష్ణోగ్రతకు నాలుక కింద థర్మామీటరు అంకె సరిపోతుంది. గది 23, వేలు 31, లోపల 37 అనుకుందాం: 8ని 6తో భాగిస్తే 1.33. ఇంకో రోజు గది 25, వేలు అదే 31: 6ని 6తో భాగిస్తే 1. చిత్రంలో వేలు రెండు రోజులూ ఒకే రంగులో ఉంది. కానీ రెండో రోజు గది వెచ్చగా ఉండి సాయపడింది, రక్తం తక్కువ పని చేసింది. 23 డిగ్రీల గదిలోనే వేలు 28 అయితే సూచిక 0.56, అది 35 అయితే 6. పెన్నెస్ సమీకరణం చెప్పిన విషయమే ఇక్కడ అంకెల్లో కనిపిస్తుంది: పైకి వెళ్లేకొద్దీ ఒక్కో డిగ్రీ వెనక ఉండే ప్రవాహం ఎక్కువ. వేలు 35 దాటితే మాత్రం ఈ సూచికను నమ్మకండి, భాగించే అంకె చిన్నదై చిన్న పొరపాటు కూడా పెద్దదిగా కనిపిస్తుంది. చల్లని నీటి పరీక్ష మధ్యలో కూడా దీన్ని వాడకూడదు, కుదురుగా కూర్చున్న స్థితికే ఇది పనికొస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఛాతీ, ముంజేయి వంటి చోట్ల కుడి ఎడమల తేడా సాధారణంగా అర డిగ్రీకి మించదు. వేళ్లలో, కాలివేళ్లలో ఇంతకన్నా ఎక్కువ ఊగిసలాట సహజం.

మధుమేహం ఉన్నవారి పాదాలు

ఇంట్లో కూడా ఉపయోగపడగల పని ఇది. మధుమేహం వల్ల పాదం స్పర్శ కోల్పోతే, పుండు పడబోయే చోట నొప్పి తెలియదు, కానీ అక్కడ వాపు మొదలై రక్తం ఎక్కువగా చేరి వెచ్చబడుతుంది. రెండు పాదాల్లో ఒకే చోట, ఉదాహరణకు రెండు బొటనవేళ్ల కింద, 2.2 డిగ్రీలకు మించిన తేడా కనిపిస్తే హెచ్చరికగా తీసుకోవాలన్నది ఈ రంగంలో స్థిరపడిన కొలత. రోజూ ఒకే సమయంలో, పావుగంట పాదాలు చాపి కూర్చున్నాక చూడండి. తేడా వరుసగా రెండు రోజులు కనిపిస్తే నడక తగ్గించి వైద్యులను కలవండి. చర్మం పగిలితే, రంగు మారితే, వాస్తే ఆ రెండో రోజు కోసం ఆగకండి.

ఈ కొలత రెండు విధాలుగా మోసం చేయగలదు. ధమనులు సన్నబడిన కాలిలో రక్తం సరిగా రాక పాదం చల్లగా ఉంటుంది. అందులోనే వాపు మొదలైతే చల్లదనం, వెచ్చదనం ఒకదాన్నొకటి కప్పేసుకుని చిత్రం మామూలుగా కనిపించవచ్చు. మరోవైపు నాడులు దెబ్బతిన్న పాదంలో అడ్డదారి నాళాల తలుపులు మూసుకోక తెరిచే ఉంటాయి. రక్తం కణజాలానికి పోషణ ఇవ్వకుండానే సిరల్లోకి మళ్లిపోతుంది. పాదం చూడడానికి చక్కగా, వెచ్చగా ఉంటుంది. కాబట్టి చీలమండ, పైచేయి రక్తపోట్ల నిష్పత్తిని వైద్యులతో ఒకసారైనా కొలిపించండి. అది 0.9 కన్నా తక్కువైతే కాలి ధమనుల్లో అడ్డంకి ఉన్నట్టు భావిస్తారు. వెచ్చటి పాదం చూసి ధైర్యపడే ముందు ఆ అంకె తెలిసి ఉండాలి.

దేనికి వాడకూడదు

ఒక పిక్క వాచి వెచ్చగా ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, కండరం నలిగి ఉండవచ్చు, చర్మానికి ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు. కెమెరా ఈ మూడింటినీ ఒకేలా చూపుతుంది. అదే రోజు డాప్లర్ పరీక్ష చేయించాలి.

రొమ్ము క్యాన్సర్ గురించి కటువుగానే చెప్పాలి. కణితి చుట్టూ కొత్త నాళాలు పుట్టి వేడి పెరుగుతుందన్న ఆలోచనతో థర్మల్ చిత్రాలను రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌కు బదులుగా అమ్మేవారు ఉన్నారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని మామోగ్రామ్‌కు తోడుగా మాత్రమే అనుమతించింది, బదులుగా వాడవద్దని ఒకటికి రెండుసార్లు ప్రజలను హెచ్చరించింది. లోతున ఉన్న చిన్న కణితి వేడి చర్మం దాకా రాకపోవచ్చని పైన చెప్పుకున్న భౌతికశాస్త్రమే చెబుతోంది. నొప్పి లేదు, రేడియేషన్ లేదు అన్న మాటలు నిజమే. కానీ తప్పుడు భరోసాతో పోయిన నెలలు తిరిగి రావు. మీ దగ్గర కెమెరా ఉందని తెలిసి ఎవరైనా ఈ పని అడిగితే, వద్దని చెప్పి మామోగ్రామ్‌కు పంపండి.

రాసుకోవలసినవి

ప్రతిసారీ తేదీ, గడియారంలో సమయం, గది ఉష్ణోగ్రత మొదట్లోనూ చివర్లోనూ, తేమ, మనిషి ఎంతసేపు కూర్చున్నారు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, పొగ తాగారా, ఏ మందులు వాడుతున్నారు, కెమెరా దూరం, నల్లటేపు డబ్బా అంకెలు రాయండి. రక్తపోటు మందుల్లో కొన్ని నాళాలను వెడల్పు చేస్తాయి, కొన్ని వేళ్లను చల్లబరుస్తాయి. చర్మం ఉష్ణోగ్రత రోజులో వేళను బట్టి, ఋతుచక్రంలో దశను బట్టి మారుతుంది కాబట్టి ఉదయం చిత్రాన్ని సాయంత్రం చిత్రంతో పోల్చకండి.

అసలు పరీక్షకు ముందు ఏ సమస్యా లేని మనిషిని, వీలైతే మిమ్మల్నే, మూడు వేర్వేరు రోజుల్లో ఇదే పద్ధతిలో, ఇదే వేళకు కొలవండి. ఆ మూడు రోజుల అంకెల మధ్య కనిపించే తేడా ఎంతో పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. తర్వాత ఎవరి చేతిలోనైనా, ఎవరి పాదంలోనైనా అంతకన్నా చిన్న మార్పు కనిపిస్తే, దాన్ని మార్పుగా నమోదు చేయకండి.